మార్జాన్ బ్లాకులు: తప్పంతా కాంక్రీటుదేనా?

బెర్లిన్‌కి చదువుకోడానికి వెళ్ళి రూమ్ దొరక్క అల్లాడే మన పిల్లలకి సీనియర్లు చెప్పే పేర్లలో మార్జాన్, హెల్లర్స్‌డార్ఫ్ ఉంటాయి. ఊరికి తూర్పు చివర, అద్దె మిగతా చోట్ల కంటే కాస్త తక్కువ, ఎస్-బాన్ (లోకల్ రైలు) లేదా మెట్రో ఎక్కితే సుమారు అరగంటలో ఊరి నడిబొడ్డు అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో దిగొచ్చు. అదే పేరు బెర్లిన్ పడమటి వైపు పుట్టి పెరిగినవాళ్ళ దగ్గర ఎత్తి చూడండి, "అక్కడా?" అని ఒక రకంగా నవ్వుతారు. ఆ నవ్వు వెనకాల దాదాపు యాభై ఏళ్ళ కథ ఉంది, అందులో రాజకీయం ఉంది, సిమెంటు ఉంది, పిల్లల స్కూళ్ళు ఉన్నాయి, బ్యాంకు అప్పులు కూడా ఉన్నాయి, ఇవన్నీ చిక్కుపడిపోయి చివరికి అందరూ "అగ్గిపెట్టెల్లాంటి బిల్డింగులు కడితే ఇంతే మరి" అని తేల్చేశారు. నాకైతే ఆ తీర్పు తప్పనిపిస్తుంది. బిల్డింగుల్లో లోపాలు లేవని కాదు, ఉన్నాయి, కానీ మార్జాన్‌ని పైకి లేపిందీ కింద పడేసిందీ ఎక్కువగా వేరే విషయం: అక్కడ ప్రతిదీ ఒకేసారి జరిగింది.

ముందు సైజు సంగతి. అప్పటి కమ్యూనిస్టు తూర్పు జర్మనీ ప్రభుత్వం 1977లో మొదలుపెట్టి 1990 వచ్చేలోపు ఒక్క మార్జాన్‌లోనే సుమారు 60 వేల ఫ్లాట్లు లేపారు, పక్కనే హెల్లర్స్‌డార్ఫ్‌లో ఇంకో 40 వేల పైచిలుకు. కలిపితే లక్ష. హైదరాబాద్ శివార్లో కొల్లూరు డబుల్ బెడ్‌రూం కాలనీ తెలుసు కదా, 2023లో ప్రారంభించినది, అది 15,660 ఫ్లాట్లు, అదే ఎంత పెద్దదని చెప్పుకున్నాం. అలాంటి కాలనీలు ఆరు పక్కపక్కన పెట్టి, పైన ఇంకొంచెం కలిపితే ఈ రెండూ అవుతాయి. పైగా అంతా పదమూడేళ్ళలో.

ఈ బ్లాకులన్నీ ప్యానెల్ బిల్డింగులే. ఇంతకీ ప్యానెల్ బిల్డింగ్ అంటే ఏంటి? మనకి అలవాటైన పద్ధతిలో పిల్లర్లు లేపి, బీములు వేసి, స్లాబు పోసి, మధ్యలో ఇటుకతో గోడ కడతాం, బరువంతా పిల్లర్లది, గోడ ఊరికే అడ్డం. ప్యానెల్ పద్ధతిలో పిల్లర్ అనేదే ఉండదు, గోడే బరువు మోస్తుంది. ఆ గోడని సైట్‌లో కట్టరు, ఫ్యాక్టరీలో ఉక్కు అచ్చులో పడుకోబెట్టి పోత పోస్తారు, కిటికీకి వదలాల్సిన ఖాళీ వదిలి, కరెంటు వైర్ల దారి కూడా అందులోనే పెట్టేసి. ఆరిన తర్వాత ట్రైలర్ మీద తెచ్చి, క్రేన్‌తో ఎత్తి నిలబెట్టి, పక్క ప్యానెల్‌లోంచి బయటికొచ్చిన ఇనుప కడ్డీలతో కలిపి వెల్డింగ్ చేసి, ఆ సందులో కాంక్రీటు పోస్తారు. మార్జాన్‌లో ఎక్కువగా వాడిన మోడల్ పేరు డబ్ల్యూబీఎస్ 70, దీని మొదటి బిల్డింగ్ 1973లో నోయ్‌బ్రాండెన్‌బుర్గ్ అనే ఊళ్ళో లేచింది. ఇంటి కొలతలన్నీ 1.2 మీటర్ల లెక్కలో ఉంటాయి, అంతస్తు ఎత్తు 2.8 మీటర్లు, ఒక్కో ముక్క 6.3 టన్నులు దాటకూడదు, ఎందుకంటే క్రేన్ మోయగలిగింది అంతే. బయటి గోడ మూడు పొరలు: లోపల బరువు మోసే కాంక్రీటు, మధ్యలో చలి ఆపే పొర, బయట వాన తట్టుకునే ఇంకో పల్చటి కాంక్రీటు. బాత్రూం అయితే మరీ విచిత్రం, టబ్బు, పైపులు, అన్నీ బిగించేసిన గదిని గదిలాగే తెచ్చి దింపేవాళ్ళు.

మన టిడ్కో ఇళ్ళు చూసినవాళ్ళకి ఇది సగం తెలిసిన విషయమే. అక్కడ షియర్ వాల్ పద్ధతి, అంటే అల్యూమినియం షట్టరింగ్ బిగించి గోడ, స్లాబు కలిపి సైట్‌లోనే పోసేస్తారు, ఫ్యాక్టరీ ప్యానెల్ కాదు. కానీ లోపల ఉండేవాడికి తేడా పెద్దగా తెలీదు, మేకు కొట్టాలంటే డ్రిల్లింగ్ మిషన్ కావాలి, "ఈ గోడ తీసేసి హాలు పెద్దది చేసుకుందాం" అంటే కుదరదు, ఆ గోడే బిల్డింగ్ మరి. మార్జాన్‌లోనూ అంతే.

ఇంకో చిన్న విషయం, ఈ బ్లాకులు ఎందుకు అంత తిన్నగా, వరసగా ఉంటాయో చాలామంది ఆర్కిటెక్టుకి టేస్టు లేకపోవడం అనుకుంటారు. అసలు కారణం క్రేన్. అంత బరువు ఎత్తే టవర్ క్రేన్ పట్టాల మీద నడుస్తుంది, పట్టాలు తిన్నగా వేస్తేనే పని వేగంగా నడుస్తుంది, ప్రతి మలుపుకీ పట్టాలు విప్పి మళ్ళీ వేయాలి, ప్లాన్ టార్గెట్ ఏమో నెత్తిమీద కూర్చుంది. కాబట్టి బిల్డింగ్ ఎటు సాగాలో క్రేనే చెప్పింది.

ఇప్పుడు అందరికీ ఉండే భయం: పేకమేడలా కూలిపోదా? ఈ భయానికి ఒక తేదీ ఉంది. 1968 మే 16న తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల ప్యానెల్ టవర్‌లో 18వ అంతస్తులో ఒకావిడ పొద్దున్నే టీ పెట్టుకుందామని స్టవ్ వెలిగిస్తే గ్యాస్ లీకై పేలింది, మూల ప్యానెల్ బయటికి ఎగిరిపోయింది, పైనున్న ఫ్లాట్లు ఒకదాని మీద ఒకటి పడుతూ ఆ మూల మొత్తం కిందిదాకా జారిపోయింది. నలుగురు చనిపోయారు. తర్వాత 1980ల్లో ఆ టవర్‌ని విప్పి చూస్తే జాయింట్లు సరిగ్గా నింపలేదని బయటపడింది. అంటే గోడ బలం ఎంతున్నా లాభం లేదు, ఈ పద్ధతిలో ప్రాణమంతా జాయింట్లో ఉంటుంది. దీనికి అటువైపు ఉదాహరణ కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు: 1988 ఆర్మేనియా భూకంపంలో లెనినాకన్ పట్టణంలో తొమ్మిది అంతస్తుల ప్రీకాస్ట్ ఫ్రేమ్ బిల్డింగులు, అంటే పిల్లర్లు బీములు ముక్కలుగా తెచ్చి బిగించినవి, పదుల సంఖ్యలో కుప్పకూలితే, అదే ఊళ్ళో గోడల ప్యానెళ్ళతో కట్టినవి నిలబడ్డాయి. కాబట్టి "ప్యానెల్ అంటే నాసిరకం" అని ఒక్క మాటలో కొట్టేయడానికి లేదు.

ఇంకో అపోహ, ఇదంతా సోవియట్ కమ్యూనిస్టులు కనిపెట్టారని. కాదు. జర్మనీలో మొదటి ప్యానెల్ కాలనీ మార్జాన్‌కి దగ్గర్లోనే, లిష్టెన్‌బెర్గ్‌లో, 1926 నుంచి 1930 మధ్య కట్టారు, ఇప్పుడు దాన్ని ష్‌ప్లానెమన్ కాలనీ అంటారు. 138 ఫ్లాట్లు, రెండు మూడు అంతస్తులు, పద్ధతి హాలండ్ నుంచి తెచ్చుకున్నది, ప్యానెళ్ళు సైట్‌లోనే నేల మీద పోసి క్రేన్‌తో ఎత్తారు. అప్పట్లో ఖర్చేమీ కలిసిరాలేదు, వదిలేశారు. యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో రేమాన్ కామూ అనే ఇంజనీరు ఫ్యాక్టరీ పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, దాన్ని సోవియట్లు కూడా కొనుక్కున్నారు. 1954 డిసెంబర్‌లో సోవియట్ నాయకుడు క్రుష్చెవ్ బిల్డర్ల మహాసభలో లేచి, స్టాలిన్ కాలం నాటి నగిషీలు, గోపురాలు, స్తంభాలు దండగ, జనానికి ఇళ్ళు కావాలి, ఫ్యాక్టరీలో తయారుచేయండి అని గట్టిగా చెప్పాక తూర్పు యూరప్ మొత్తం దారి మార్చుకుంది. తూర్పు జర్మనీ హోయెర్స్‌వెర్డా దగ్గర ప్యానెల్ ఫ్యాక్టరీ పెట్టి 1957 నుంచి ఆ ఊరినే ప్యానెళ్ళతో పెంచింది. పడమటి బెర్లిన్‌లో కూడా గ్రోపియుస్‌ష్టాట్, మెర్కిషెస్ ఫీర్టెల్ లాంటి భారీ కాలనీలు లేచాయి, ఆ రోజుల్లో రెండు వైపులా ప్లానర్ల ఆలోచన ఒకటే.

సరే మార్జాన్‌కి వద్దాం. 1971లో తూర్పు జర్మనీలో హోనెకర్ అధికారంలోకి వచ్చాడు, 1973లో అతని కమ్యూనిస్టు పార్టీ "1990 కల్లా ఇళ్ళ సమస్య లేకుండా చేస్తాం" అని మాటిచ్చింది, 1976 నుంచి 1990 లోపు 28 నుంచి 30 లక్షల ఇళ్ళు కట్టాలి లేదా బాగుచేయాలి అని టార్గెట్. ఆ మాట ఎందుకు అంత అవసరమైందో తెలియాలంటే తూర్పు బెర్లిన్‌లో ప్రెంజ్లావర్ బెర్గ్ లాంటి పాత పేటల్లో జనం ఎలా బతికేవాళ్ళో తెలియాలి. ముందు బిల్డింగు, వెనక బిల్డింగు, దాని వెనక ఇంకోటి, మధ్యలో ఎండ పడని చీకటి పెరడు, గదికో బొగ్గు పొయ్యి, చలికాలం రోజూ కింది సెల్లార్ నుంచి బొగ్గు బకెట్లు నాలుగైదు అంతస్తులు మోసుకురావాలి, లెట్రిన్ మెట్ల మలుపులో, రెండు మూడు కుటుంబాలకి కలిపి ఒకటి, స్నానాల గది చాలా ఇళ్ళల్లో అసలు లేదు. ఇలాంటి చోటు నుంచి వచ్చినవాళ్ళకి గోడలోంచి వేడి నీళ్ళు రావడం, చెయ్యి తిప్పితే గది వెచ్చబడటం, సొంత బాత్రూం, లిఫ్టు, వంటగదికీ హాలుకీ మధ్య ప్లేట్లు అందించుకునే కిటికీ! బయట నుంచి అగ్గిపెట్టె, లోపల స్వర్గం. అద్దె కూడా చూడండి: హెల్లర్స్‌డార్ఫ్‌లో ఇప్పుడు మ్యూజియంగా అట్టేపెట్టిన మూడు గదుల ఫ్లాటు 61 చదరపు మీటర్లు, 1986లో దాని అద్దె నెలకి 109 మార్కులు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో అది లెక్కలోకి వచ్చే ఖర్చే కాదు.

కానీ ఇక్కడే నాకు ఎప్పుడూ ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది. ఊరి నడిబొడ్డున వేల ఇళ్ళు ఉన్నాయి కదా, గోడలు గట్టివే, వాటికి పైపులేసి బాత్రూం పెట్టి బాగుచేయొచ్చు కదా, పొలాల్లోకి వెళ్ళి లక్ష ఇళ్ళు కట్టడం ఎందుకు? జవాబు మూడు ముడులున్న తాడు. ఒకటి, అద్దెలు ఏళ్ళ తరబడి అలాగే ఆపేశారు, పాత ఇళ్ళకైతే యుద్ధానికి ముందు రేట్లే, ఆ డబ్బుతో పైకప్పు కూడా రిపేరు చేయలేరు. రెండు, పాత ఇల్లు బాగుచేయాలంటే మేస్త్రీ, వడ్రంగి, ప్లంబర్, పైకప్పు పనివాడు కావాలి, ప్రతి ఇల్లూ ఒక్కో రకం, అలాంటి చిన్న చిన్న ప్రైవేటు కంపెనీలు మిగిలి ఉన్నవాటిలో చాలావాటిని 1972లో ప్రభుత్వమే లాగేసుకుంది. మూడు, ప్లాన్‌లో లెక్క పెట్టేది ఫ్లాట్ల సంఖ్య, ప్యానెల్ ఫ్యాక్టరీ పెట్టాక అది ఆగకుండా గోడలు పోస్తూనే ఉండాలి, గోడలు తిన్నగా నిలబెట్టడానికి ఖాళీ నేల కావాలి. ఖాళీ నేల మార్జాన్‌లో ఉంది. ఇలా ఊరి మధ్య ఇళ్ళు కూలిపోతుంటే ఊరి చివర ఇళ్ళు లేచాయి, ఒకే జబ్బుకి రెండు లక్షణాలు అనమాట. తమాషా ఏంటంటే అలా వదిలేసిన ప్రెంజ్లావర్ బెర్గ్ ఇప్పుడు బెర్లిన్‌లో ఖరీదైన పేటల్లో ఒకటి.

మార్జాన్ నేల ఏదో ఊరూపేరూ లేని ఎడారి కాదు. 1300లోనే రికార్డుల్లో కనిపించే పల్లెటూరు అది, చుట్టూ పొలాల్లోకి బెర్లిన్ మురుగునీళ్ళు వదిలేవాళ్ళు. ఆ మురుగు పొలాల పక్కనే 1936లో, ఒలింపిక్స్‌కి విదేశీయులు వస్తున్నారు ఊరు శుభ్రంగా కనపడాలి అని, నాజీ పోలీసులు జులై 16న సుమారు 600 మంది సింతీ, రోమా జనాన్ని (జిప్సీలని పిలిచేవాళ్ళు) పట్టుకొచ్చి పడేశారు, అది క్యాంపు అయిపోయింది, 1943లో అక్కడున్నవాళ్ళలో ఎక్కువమందిని ఆష్విట్జ్ మరణశిబిరానికి పంపారు. 1945 ఏప్రిల్ 21న ఎర్రసైన్యం బెర్లిన్‌లో మొదట చేరుకున్న ఇల్లు కూడా ఈ మార్జాన్‌లోదే అని చెబుతారు. ఇదంతా చెప్పడం ఎందుకంటే "చరిత్ర లేని కాలనీ" అనే మాట కూడా ఆ నవ్వులో భాగమే. పాత పల్లెని కూల్చకుండా చర్చి, చిన్న చిన్న ఇళ్ళతో సహా మధ్యలో అలాగే ఉంచారు, ఇప్పటికీ ఉంది, చుట్టూ పదకొండు అంతస్తులు, మధ్యలో పెంకుటిళ్ళు.

1977 ఏప్రిల్‌లో పునాది పని మొదలైంది, అదే ఏడాది డిసెంబర్‌లో మొదటి కుటుంబాలు దిగిపోయాయి. డిజైన్ టీమ్ హెడ్ హైంజ్ గ్రాఫుండర్, అంతకుముందే బెర్లిన్ నడిబొడ్డున తూర్పు జర్మనీ పార్లమెంటు కూర్చునే రిపబ్లిక్ ప్యాలెస్ కట్టించినవాడు. 1978 జులైలో హోనెకర్ స్వయంగా వచ్చి "పదిలక్షో ఇల్లు" తాళాలు ఇచ్చింది మార్జాన్‌లోనే, ఫొటోలు, పూలగుత్తులు, అన్నీ. 1979లో దీన్ని ప్రత్యేక జిల్లా చేశారు. ఇదంతా కట్టడానికి దేశం నలుమూలల నుంచి కూలీల్ని, మేస్త్రీల్ని, సిమెంటుని బెర్లిన్‌కి లాక్కొచ్చారు, దాంతో మిగతా ఊళ్ళల్లో పనులు ఆగిపోయి బెర్లిన్ అంటేనే మండిపడేవాళ్ళు.

ముందు ఇల్లు, తర్వాత రోడ్డు. కొత్తగా దిగినవాళ్ళ జ్ఞాపకాల్లో అందరికీ కామన్‌గా ఉండేది బురద. రబ్బరు బూట్లు వేసుకుని స్టేషన్ దాకా వెళ్ళి అక్కడ చెప్పులు మార్చుకోవడం. ఒక రకంగా అందరూ బురదలోనే ఉండటం వల్ల అందరూ తొందరగా కలిసిపోయారు కూడా. ఎస్-బాన్ మాత్రం మార్జాన్ స్టేషన్ దాకా 1976 డిసెంబర్‌లోనే, అంటే జనం రాకముందే వచ్చేసింది, 1982 చివరికి ఆఖరి కొస ఆరెన్స్‌ఫెల్డె దాకా పొడిగించారు. దీన్ని మెచ్చుకోవాలి. ప్లాన్ ప్రకారం నడిచి వెళ్ళేంత దూరంలో పసిపిల్లల క్రెష్, కిండర్‌గార్టెన్, స్కూలు, సరుకుల షాపు, పాలీక్లినిక్, ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి, ఆలస్యంగా అయినా చాలావరకు కట్టారు. మన కాలనీల్లో ఫ్లాటు చేతికొచ్చాక బస్సు కోసం, స్కూలు కోసం ఎదురుచూసే రోజులు చూసినవాళ్ళకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఉండేవాళ్ళెవరు అనేది ఇంకా ముఖ్యం. ఫ్లాటు డబ్బుతో కొనుక్కునేది కాదు, ఎలాట్‌మెంట్. ఫ్యాక్టరీ ద్వారానో, కార్మికుల హౌసింగ్ సొసైటీ ద్వారానో, మున్సిపాలిటీ ద్వారానో ఏళ్ళ తరబడి లిస్టులో ఉండి తెచ్చుకునేది, పెళ్ళై పిల్లలున్న కుర్ర జంటలకి ముందు. దానివల్ల ఒకే మెట్ల దారిలో డాక్టరు, క్రేన్ ఆపరేటరు, టీచరు, పోలీసు, ఊడ్చే ఆవిడ, అందరూ ఉండేవాళ్ళు, పార్టీకి దగ్గరివాళ్ళు మామూలు కంటే కొంచెం ఎక్కువే ఉండేవాళ్ళంటారు, అది వేరే సంగతి. పడమటి దేశాల్లో ఇలాంటి కాలనీలు పేదలకి, వలస వచ్చినవాళ్ళకి అని ముద్ర పడ్డాయి, ఇక్కడ మొదట్లో అలా కాదు, ఇక్కడికి రావడం అంటే అదృష్టం. కానీ ఆ ఎలాట్‌మెంట్ రూల్ వల్లే ఒక విత్తనం పడింది. అందరూ పాతిక ముప్ఫై ఏళ్ళవాళ్ళు, అందరికీ ఒకరిద్దరు చిన్నపిల్లలు. 1980ల్లో మార్జాన్‌లో ఎటు చూసినా పిల్లలే, స్కూళ్ళు పట్టక కిక్కిరిసిపోయాయి, కొత్త స్కూళ్ళు కట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ పిల్లలందరూ ఒకేసారి పెద్దవాళ్ళై వెళ్ళిపోతారు, నలభై ఏళ్ళ తర్వాత తల్లిదండ్రులందరూ ఒకేసారి ముసలివాళ్ళవుతారు, ఈ లెక్క వేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, కానీ ఎవరూ వేయలేదు.

దానికి తోడు 1989 నవంబర్‌లో బెర్లిన్ గోడ కూలింది, 1990 జులై 1న పడమటి జర్మనీ కరెన్సీ మార్కు వచ్చింది, తూర్పు ఫ్యాక్టరీల సరుకు కొనేవాడు లేకుండా పోయాడు, ఉద్యోగాలు పోయాయి. భయంతో జనం పిల్లల్ని కనడమే మానేశారంటే అతిశయోక్తి కాదు: తూర్పు జర్మనీ మొత్తంలో 1989లో దాదాపు 2 లక్షల మంది పుడితే 1994లో 80 వేల లోపే. డబ్బున్నవాళ్ళు, ఇన్నాళ్ళూ దొరకని సొంత ఇల్లు, చిన్న తోట కావాలని, టాక్సు రాయితీలు కూడా ఉండటంతో బ్రాండెన్‌బుర్గ్ పల్లెల వైపు వెళ్ళిపోయారు. డాక్టరూ వెళ్ళాడు, టీచరూ వెళ్ళింది. మెట్ల దారిలో మిగిలింది ఉద్యోగం పోయినవాళ్ళు, పెన్షన్‌కి దగ్గరపడ్డవాళ్ళు. బిల్డింగ్ అదే, కాంక్రీటు అదే.

అప్పుల కథ ఒకటి ఉంది, ఇది జర్మనీలో కూడా చాలామందికి తెలీదు. తూర్పు జర్మనీలో ఈ కాలనీలు ప్రభుత్వ బ్యాంకు అప్పుతో కట్టినట్టు పుస్తకాల్లో రాసేవాళ్ళు, ఒక జేబులోంచి ఇంకో జేబులోకి, ఎవడూ సీరియస్‌గా తీసుకోలేదు. దేశాలు కలిసిపోయాక ఆ రాతలు నిజం అప్పులైపోయాయి, పడమటి బ్యాంకుల చేతికి వచ్చాయి, వడ్డీతో సహా. హౌసింగ్ కంపెనీలు లబోదిబోమన్నాయి. 1993లో ఒక చట్టం తెచ్చి అప్పులో కొంత మాఫీ చేశారు, బదులుగా కంపెనీ తన ఇళ్ళలో 15 శాతం అమ్మాలి అని షరతు పెట్టారు. అసలే జనం వెళ్ళిపోతున్న చోట ఫ్లాటు ఎవడు కొంటాడు? అయినా అదే సమయంలో బ్లాకులకి బయట కొత్త ఇన్సులేషన్ పొర, కొత్త కిటికీలు, కొత్త లిఫ్టులు, రంగులు వేసి చాలావరకు బాగుచేశారు, అదీ నిజమే. ఈ రోజు వెళ్ళి చూస్తే బూడిద రంగు వెతుక్కోవాల్సిందే, పసుపు, నారింజ, లేత ఆకుపచ్చ.

ఖాళీ అయిన ఫ్లాట్లలోకి 1990ల్లో పాత సోవియట్ దేశాల నుంచి వచ్చిన రష్యన్ జర్మన్లు (తాతలనాటి జర్మన్ మూలాలున్నవాళ్ళు) భారీగా వచ్చి చేరారు, తూర్పు జర్మనీ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనికొచ్చి ఉండిపోయిన వియత్నాం వాళ్ళు ముందు నుంచీ ఉన్నారు. ఇక పేరు విషయానికొస్తే, టీవీలో ఇల్కా బెస్సిన్ అనే కమెడియన్ గులాబీ రంగు ట్రాక్ సూట్ వేసుకుని "మార్జాన్ సిండీ" అనే వేషం కట్టి, ఉద్యోగం సద్యోగం లేని లావాటి ఆడమనిషిగా దేశం మొత్తాన్ని నవ్వించింది. నవ్వు తెప్పించింది నిజమే, పేరుకి పడ్డ దెబ్బ కూడా నిజమే. దానికి తోడు 2013లో హెల్లర్స్‌డార్ఫ్‌లో మూసేసిన ఒక హైస్కూలు భవనాన్ని శరణార్థులకి ఇస్తే అతివాద రైట్‌వింగ్ గుంపులు చేసిన గొడవ ప్రపంచం మొత్తం పేపర్లలో వచ్చింది.

2002లో కేంద్ర ప్రభుత్వం తూర్పు ఊళ్ళ కోసం కొత్త పథకం తెచ్చింది, ఖాళీ బ్లాకులు కూల్చడానికి డబ్బులిస్తామని. ఇందులో నాకు నచ్చేది మార్జాన్ ఉత్తరం చివర ఆరెన్స్‌ఫెల్డర్ టెర్రాసెన్. పూర్తిగా కూల్చకుండా పదకొండు అంతస్తుల బ్లాకుల్ని పైనుంచి ప్యానెల్ ప్యానెల్‌గా విప్పుకుంటూ మూడు నుంచి ఆరు అంతస్తులకి దించారు, మిగిలినవాటి పైన టెర్రస్‌లు వచ్చాయి, పదహారొందల పైన ఉన్న ఫ్లాట్లు నాలుగొందల చిల్లర అయ్యాయి. కట్టిన క్రమానికి సరిగ్గా తిరగేసిన పని, ఇటుక ఇంటిని ఇలా విప్పలేం. విప్పిన ప్యానెళ్ళు కొన్ని మళ్ళీ పనికొచ్చాయి కూడా, బెర్లిన్ పక్కన మెహ్రో అనే పల్లెలో వాటితోనే ఒక సొంత ఇల్లు కట్టుకున్నారు.

ఇంకో మంచి విషయం, తోట. కాలనీ కట్టేటప్పుడు తవ్విన మట్టి, రాళ్ళు పోసీ పోసీ కీన్‌బెర్గ్ అనే గుట్ట సముద్రమట్టం నుంచి చూస్తే వంద మీటర్ల పైకి లేచింది, దాని పాదాల దగ్గర 1987లో, బెర్లిన్ 750 ఏళ్ళ సంబరానికి, పెద్ద తోట వేశారు. ఏకీకరణ తర్వాత దాన్ని వదలకుండా 2000లో చైనా తోట, ఆ తర్వాత జపాన్, బాలి, ఇంకా చాలా కలుపుకుంటూ పోయారు, 2017లో అంతర్జాతీయ ఉద్యాన ప్రదర్శన ఇక్కడే జరిగింది, అప్పుడు వేసిన రోప్‌వే ఇంకా నడుస్తోంది. అది ఎక్కి కిందకి చూస్తే బ్లాకుల మధ్య ఎంత పచ్చదనం ఉందో అప్పుడు తెలుస్తుంది. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య అంత దూరం వదలడం అప్పట్లో దండగ అని తిట్టారు, ఇప్పుడు ఆ చెట్లకి నలభై ఏళ్ళు.

ఆ దూరమే ఇప్పుడు గొడవకి కారణం. 2010 తర్వాత బెర్లిన్‌కి జనం పోటెత్తారు, అద్దెలు చుక్కలంటాయి, ఇరవై ఏళ్ళ కింద "ఎవరికీ అక్కర్లేదు" అని ఫ్లాట్లు కూల్చిన చోటే ఇప్పుడు ఖాళీ ఫ్లాటు దొరకడం కష్టం. కాబట్టి బ్లాకుల మధ్య ఖాళీ జాగాల్లో, పార్కింగుల్లో కొత్త బిల్డింగులు వస్తున్నాయి, పాతికేళ్ళ వయసులో దిగి ఇప్పుడు డెబ్భై దాటినవాళ్ళు కిటికీలోంచి కనిపించే చెట్లు పోతాయని ఒప్పుకోవడంలేదు, పక్కనే చిన్న పిల్లలతో దిగిన కొత్త కుటుంబాలకి స్కూల్లో సీటు లేదు. ఎందుకు లేదంటే 2000ల్లో పిల్లలు లేరని స్కూళ్ళు మూసి, చాలావాటిని కూల్చేశారు కూడా. ఒక తరం పిల్లలు ఒకేసారి వెళ్ళిపోవడాన్ని చూసి ఇంక పిల్లలే రారు అనుకున్నారు. ఇప్పుడు ఆ కొరత తీర్చడానికి బెర్లిన్ ప్రభుత్వం స్కూలు ఆవరణల్లో ఫ్యాక్టరీలో తయారైన ముక్కలు తెచ్చి బిగించే తరగతి గదుల బ్లాకులు పెట్టిస్తోంది, శరణార్థుల కోసం మార్జాన్‌లో కట్టినవి కూడా ముందే పోతపోసిన కాంక్రీటు గోడలతోనే, ట్రైలర్ మీద తెచ్చి, క్రేన్‌తో ఎత్తి.